తోక కింద ఎరుపు: పిగిలిపిట్టా, నల్లంచా?

ప్రశ్న: మా పెరట్లో బొప్పాయి చెట్టు మీదికి రోజూ ఒక నల్లపిట్ట వచ్చి పండిన కాయని పొడుస్తోంది. తోక కింద ఎర్రగా ఉంటుంది. ఎగిరినప్పుడు ఎక్కడో తెల్లగా మెరుస్తుంది. మా అత్తయ్య నల్లంచి అంటారు, మా అబ్బాయి బుల్బుల్ అంటాడు. ఇంట్లో పందెం నడుస్తోంది, మీరే తేల్చాలి.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పందెం మీ అబ్బాయిదేనమ్మా. బొప్పాయి అనగానే నాకు సగం తేలిపోయింది. నల్లంచి ఎక్కువగా నేలమీద గెంతుతూ పురుగులు ఏరుకుంటుంది. పండుకి బొక్క పెట్టేది బుల్బులే. పాతవాళ్లు పిగిలిపిట్ట అనేది దీన్నే.

అలాగని అత్తయ్యగారిని తప్పుపట్టను. ఎరుపు ఒక్కటే చూసి నేనూ చాలాకాలం పొరబడ్డాను. రెండిటికీ తోక కిందే రంగు. పిగిలిపిట్టది పండుమిరపకాయ ఎరుపు, నల్లంచిది కాలిన ఇటుక రంగు. చెట్టునీడలో ఈ తేడా ఏం తెలుస్తుంది?

అసలు గుట్టు మీరు 'ఎక్కడో' అని వదిలేసిన ఆ తెలుపులో ఉంది. తోక మొదలయ్యే చోట, నడుము మీద మెరిసిందా, అది పిగిలిపిట్ట. దానికి తోక చివర కూడా సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంటుంది. అలా కాకుండా రెక్కమీద, భుజం దగ్గర తెల్లమచ్చ కనిపిస్తే మగ నల్లంచి. ఆడ నల్లంచికి ఆ మచ్చే ఉండదు, ఒళ్లంతా బూడిద కలిసిన గోధుమరంగు. పిగిలిపిట్టల్లో ఆడా మగా ఒకేలా ఉంటాయి.

వాలాక తల చూడండి. పిగిలిపిట్టకి నల్లటి తలమీద పొట్టి కుచ్చు, నిద్రలేచి ఇంకా దువ్వుకోని పిల్లాడి జుట్టులా లేచి ఉంటుంది. రొమ్ము మీద ఒక్కో ఈకకి లేత అంచు ఉండటంతో చేప పొలుసుల్లా కనిపిస్తుంది. పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. నల్లంచి అంతకంటే చిన్నది, కుచ్చు ఉండదు, తోకని మాత్రం వీపు మీదికి నిక్కించి కూర్చుంటుంది. మా వాటర్ ట్యాంకు అంచు మీద పొద్దున్నే ఒక మగది అలాగే కూర్చుంటుంది, ఇల్లు తనదైనట్టు!

అరకు వైపు వెళ్తే ఇంకో బుల్బుల్ ఉంది. కొమ్ములా నిలబడ్డ కుచ్చు, బుగ్గమీద ఎర్రమచ్చ, తెల్లటి రొమ్ము. దాని తోక కిందా ఎరుపే.

అత్తయ్యగారు ఇంకా ఒప్పుకోకపోతే రేపు పొద్దున బొప్పాయికి ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పిట్ట ఎగిరేటప్పుడు నడుమే చూడమనండి.