లైసెన్స్ ఉన్న డేకేర్‌లో ఇంకా ఏం చూడాలి

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లని చేర్చాలని నువ్వు అనుకుంటున్న మూడు డేకేర్‌లకీ లైసెన్స్ ఉందన్నావు, మంచిదే. లేనిచోటికి అసలు వెళ్లొద్దు. కానీ లైసెన్స్ చెప్పేది, తనిఖీకి వచ్చిన రోజున ఆ స్థలం కనీస నియమాలకు సరిపోయిందని మాత్రమే. మిగిలిన రోజులు, ఆ రోజుల్లోనూ మనుషులు పలచబడే వేళలు ఎలా ఉంటాయో నువ్వే చూసుకోవాలి.

ముందు కాగితాలు. గోడకి తగిలించిన లైసెన్స్ దగ్గర నిలబడి పూర్తిగా చదువు. చిరునామా ఆ భవనానిదేనా? ఒకే పేరుతో నాలుగు శాఖలున్నప్పుడు ఒకదాని లైసెన్స్ ఇంకోదానికి చెల్లదు. గడువు ఉందా? ఎంతమందికి, ఏ వయసు పిల్లలకి ఇచ్చారు? రెండేళ్లు దాటినవాళ్లకి మాత్రమే అనుమతి ఉన్నచోట నీ ఎనిమిది నెలల పిల్లని చేర్చుకుంటామంటే అక్కడికక్కడే వెనక్కి వచ్చేయ్. ‘తాత్కాలికం’, ‘షరతులతో’ అని రాసి ఉంటే ఎందుకో అడుగు.

తర్వాత గత మూడేళ్ల తనిఖీ రిపోర్టులు తీసుకో. లోపాలు ఎన్ని అని లెక్కపెట్టకు, ఎలాంటివో చూడు. ఫైల్లో ఒక సంతకం లేకపోవడం వేరు, పిల్లల్ని గదిలో ఒంటరిగా వదిలారని రాయడం వేరు. పెద్దవాళ్లు తక్కువగా ఉండటం, మందులు తాళం లేకుండా ఉండటం, చంటిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టడం, ఇవి ఒక్కసారి కనిపించినా గట్టిగా నిలదీయాల్సినవి. రెండు తనిఖీల్లో అదే లోపం మళ్లీ వచ్చిందంటే, దిద్దుకున్నామని రాసిచ్చి ఊరుకున్నారన్నమాట. ఫిర్యాదు మీద వచ్చిన తనిఖీలు ఏమైనా ఉన్నాయా అని విడిగా అడుగు. ‘అవును, అలా జరిగింది, ఆ తర్వాత ఇది మార్చాం’ అనే డైరెక్టర్‌ని నమ్మొచ్చు. ‘తనిఖీవాళ్లు అలాగే రాస్తారులెండి’ అని కొట్టిపారేస్తే నమ్మకు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, ఎంతమంది పిల్లలకి ఎంతమంది పెద్దలన్న లెక్క. ఏడాది లోపు పిల్లలైతే ముగ్గురికి ఒకరు, మరీ అయితే నలుగురికి ఒకరు. గది మొత్తంలో ఆరుగురు, ఎనిమిదిమందికి మించకూడదు. ఏడాది నుంచి మూడేళ్లలోపువాళ్లకి నలుగురైదుగురికి ఒకరు. మూడేళ్లు నిండినవాళ్లకి 7 నుంచి 10 మందికి ఒకరు. చాలాచోట్ల చట్టం ఇంతకన్నా ఎక్కువమందిని ఒప్పుకుంటుంది కాబట్టి, ‘మేం చట్టప్రకారమే ఉన్నాం’ అన్న జవాబుతో సరిపెట్టుకోకు. నిప్పంటుకుంటే నడవలేని పిల్లల్ని ఒక మనిషి ఎంతమందిని ఎత్తుకుని బయటికి రాగలదో ఆలోచించు, ఈ అంకె ఎందుకింత చిన్నదో అర్థమవుతుంది.

ఈ లెక్కలోనే కనికట్టు జరుగుతుంది. భవనంలో ఉన్న పిల్లలందర్నీ పెద్దలందరితో భాగించి సగటు చెప్తారు. వంటమనిషినీ, ఆఫీసులో కూర్చునే డైరెక్టర్‌నీ కూడా కలిపేస్తారు. పొద్దున్నే తెరిచేటప్పుడూ సాయంత్రం మూసేముందూ అన్ని వయసులవాళ్లనీ ఒకే గదిలో చేర్చి ఒక్క మనిషికి అప్పజెప్తారు. నాలుగేళ్ల పిల్లలు పరుగెత్తే గదిలో పాకే పిల్లని ఊహించుకో. మధ్యాహ్నం పిల్లలు పడుకోగానే సగంమంది భోజనానికి పోతారు. అందుకని ‘మీ లెక్క ఎంత’ అని అడగకు. ‘పొద్దున తెరిచిన మొదటి గంటలో చంటిపిల్లల గదిలో ఎవరుంటారు? నిద్రవేళలో ఎవరుంటారు? ఒక టీచర్ రాకపోతే ఆమె చోట ఎవరొస్తారు?’ అని అడుగు. జవాబులు మనుషుల పేర్లతో రావాలి.

ఒకసారి చూసి నిర్ణయించుకోకు. మొదటిసారి పొద్దున పదింటికి చెప్పి వెళ్లు, కనీసం గంటసేపు ఆ గదిలోనే కూర్చో. రెండోసారి చెప్పకుండా, భోజనం నుంచి నిద్రకి మళ్లే వేళలో గానీ సాయంత్రం ఆఖరి గంటలో గానీ వెళ్లు. ఇంకా చేరని పిల్ల తల్లిని చెప్పకుండా లోపలికి రానివ్వకపోవడంలో న్యాయం ఉంది, అప్పుడు తలుపు దగ్గర నుంచైనా చూపించమను. కానీ పిల్ల చేరాక తల్లిదండ్రులు ఏ వేళలోనైనా రావచ్చని రాతపూర్వకంగా ఉండాలి. ఫలానా వేళల్లో రాకూడదనే చోటు మనకి వద్దు. కెమెరా ఉందంటే సంతోషించు గానీ దాన్ని చూసి మురిసిపోకు. కెమెరా పిల్లని ఎత్తుకోదు.

నీ పిల్ల వయసుకి నిద్ర సంగతి పట్టుబట్టి చూడాలి. వెల్లకిలానే పడుకోబెట్టాలి, ఏడాది నిండేదాకా. తనంతట తాను బోర్లా తిరిగితే అలా ఉండనివ్వొచ్చు, పడుకోబెట్టేటప్పుడు మాత్రం వెల్లకిలాయే. ఇంట్లో వెల్లకిలా అలవాటైన పిల్లని కొత్తచోట బోర్లా పడుకోబెడితే నిద్రలో ఆకస్మికంగా ప్రాణం పోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. తెలియక ‘ఇలా అయితే తొందరగా పడుకుంటుంది’ అని చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తొట్టిమంచంలో గట్టి పరుపు, దానికి బిగుతుగా తొడిగిన దుప్పటి, అంతే. దిండు, కప్పుకునే రగ్గు, మెత్తటి బొమ్మ, చుట్టూ కట్టే మెత్తలు ఉండకూడదు. చువ్వల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు. కారు సీటులోనో, ఊగే కుర్చీలోనో నిద్రపోయిన పిల్లని వెంటనే తీసి తొట్టిమంచంలో వేస్తారా? కూర్చున్నట్టుండే సీట్లో తల ముందుకి వాలి ఊపిరి ఆడే దారి మూసుకుపోవచ్చు. నిద్రగదిలో పిల్లల ముఖం రంగు తెలిసేంత వెలుతురు ఉండాలి, మనిషి ఆ గదిలోనే ఉండాలి. చీకటి చేసి బయట మానిటర్ పెట్టుకుని కూర్చుంటే ఒప్పుకోకు.

డైపర్ మార్చడం ఒక్కసారైనా కళ్లారా చూడు, ఆ గది శుభ్రత మొత్తం తెలిసిపోతుంది. బల్ల పక్కనే చేతులు కడుక్కునే కుళాయి ఉండాలి, అది పాలసీసాలు కడిగేది కాకూడదు. చెత్తబుట్ట కాలితో తెరిచేదై ఉండాలి. మారుస్తున్నంతసేపూ ఒక చెయ్యి పిల్ల మీదే ఉండాలి. అయ్యాక పిల్ల చేతులు సబ్బుతో కడగాలి, ఆ తర్వాత బల్లని ముందు సబ్బునీళ్లతో తుడిచి అప్పుడు క్రిమినాశిని చల్లాలి, అన్నీ అయ్యాక తమ చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి. మురికి మీద చల్లితే అది పనిచెయ్యదు, చల్లిన వెంటనే తుడిచేసినా పనిచెయ్యదు. బ్లీచ్ నీళ్లు వాడితే ఏ రోజుకారోజు కలపాలి. చేతి తొడుగులు వేసుకున్నారని చేతులు కడగడం మానేస్తే ఒక పిల్ల విరేచనాలు గదంతా పాకుతాయి.

పాల విషయంలో సీసా మీద పేరూ తేదీ ఉండాలి. ఒకరి తల్లిపాలు ఇంకొకరికి పట్టడం చిన్న పొరపాటు కాదు. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే సీసా బయట గోరువెచ్చగా ఉండి లోపల అక్కడక్కడ మరిగిపోయి ఉంటుంది, నోరు కాలుతుంది. డబ్బాపాలు తాగడం మొదలుపెట్టిన గంటలోపు మిగిలింది పారబొయ్యాలి. సీసాని దిండుకి ఆనించి పిల్ల నోట్లో పెట్టి వెళ్లిపోతే పొలమారుతుంది. ఎత్తుకుని పట్టాలి.

గదిని నిలబడి చూడకు, నేలమీద కూర్చో. పిల్ల కళ్లకి ఏం అందుతుందో అప్పుడు తెలుస్తుంది. వేలాడే కర్టెన్ తాళ్లు మెడకి చుట్టుకునేవి. గోడకి బిగించని అల్మరాలు మీద పడేవి. మూడేళ్లలోపు పిల్లల దగ్గర 3 సెంటీమీటర్ల వెడల్పు కూడా లేని వస్తువు ఏదైనా గొంతుకి అడ్డమే. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే నాణెంలాంటి బ్యాటరీ ఇంకా ఘోరం, మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. అలాంటి బొమ్మల మూతకి స్క్రూ ఉందా చూడు. చక్రాల వాకర్లు కనబడితే ఆ చోటుకి పిల్లల భద్రత గురించి పాత సంగతులే తెలుసని అనుకో. బకెట్లో నీళ్లు నిలవుంచకూడదు, పిల్ల ముఖం మునగడానికి 5 సెంటీమీటర్ల లోతు చాలు. కుళాయి వేడినీళ్లు 49 డిగ్రీలు దాటకూడదు.

ఆటస్థలం గురించి ఎక్కువ రాయను, నీ పిల్లకి ఇంకా వేళ కాలేదు. జారుడుబల్ల కింద సిమెంటు గానీ గట్టినేల గానీ ఉండకూడదు, చెక్కపొట్టులాంటిదైతే కనీసం 23 సెంటీమీటర్ల మందం. కంచె 120 సెంటీమీటర్ల ఎత్తు.

గేటు దగ్గర పదిహేను నిమిషాలు ఊరికే నిలబడు. తెలియనివాళ్లు లోపలికి రాగలుగుతున్నారా? పిల్లని తీసుకెళ్లడానికి ఎవరెవరు రావచ్చో రాసిచ్చిన జాబితాని కొత్త ముఖం వచ్చినప్పుడు గుర్తింపు కార్డుతో సరిచూస్తున్నారా? గదిమారిన ప్రతిసారీ తలలు లెక్కపెడుతున్నారా? బండి ఉంటే, ఖాళీ అయ్యాక ఎవరో ఒకరు చివరి సీటుదాకా నడిచి చూసి సంతకం పెట్టాలి. మూసిన బండిలో పది నిమిషాల్లో వేడి 10 డిగ్రీలు పెరుగుతుంది. పిల్ల రాని రోజున డేకేర్‌వాళ్లే ఫోన్ చేసి అడుగుతారా అని కూడా తేల్చుకో. వాళ్లు అడిగితేనే, దింపామనుకుని కార్లో మర్చిపోయిన పిల్ల సంగతి బయటపడుతుంది.

మనుషుల్ని చూసేటప్పుడు మాట కన్నా చేతల్ని చూడు. ఏడ్చే పిల్ల దగ్గరికి ఎంతసేపట్లో వెళ్తున్నారు, కిందికి వంగి కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారా, చేతిలో ఫోన్ ఉందా. డైపర్ మారుస్తూ పిల్లతో కబుర్లు చెప్పే ఆయా, గోడలనిండా రంగుబొమ్మలున్న గది కన్నా విలువైనది. ‘మీరిక్కడ ఎన్నాళ్లుగా ఉన్నారు’ అని ఆ గదిలో ప్రతి ఒక్కరినీ అడుగు, డైరెక్టర్‌ని కాదు. అందరూ నెలల కిందట చేరినవాళ్లే అయితే ఏదో బాగాలేదు, నీ పిల్లకి మచ్చికైన చెయ్యి కూడా రేపు ఉండదు. అందరి పూర్వాపరాలూ విచారించారా, చంటిపిల్లలకి గుండె, ఊపిరి ఆగితే చేయాల్సిన ప్రథమచికిత్స నేర్చినవాళ్లు ఏ వేళలోనైనా గదికి ఒకరున్నారా కనుక్కో. ‘ఒక పిల్లాడు ఇంకోణ్ణి కొరికితే ఏం చేస్తారు’ అన్నది మంచి ప్రశ్న. కొరికించుకున్నవాణ్ణి ముందు ఓదార్చి, కొరికినవాణ్ణి పక్కకి తెచ్చి, ఇద్దరి ఇళ్లకీ రాసి పంపుతామంటే సరే.

జబ్బు నియమం కఠినంగా ఉంటే విసుక్కోకు. 38 డిగ్రీల జ్వరానికి ఇంటికి పంపించి, మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే రమ్మనే చోట నీ పిల్లకీ జబ్బులు తక్కువ. మందు వెయ్యాలంటే నీ సంతకం, అసలు సీసా, వేసిన వేళ రాసే పుస్తకం ఉండాలి.

చేర్చాక మొదటి వారం రోజూ వేరువేరు వేళల్లో వెళ్లి తీసుకురా. ఏడుపు చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, దానికి బెంగపడకు. ఒంటిమీద కమిలిన మచ్చలు మాత్రం స్నానం చేయించేటప్పుడు చూడు. నడిచే పిల్లలకి మోకాళ్లమీద, నుదుటిమీద తగలడం మామూలే. చెవి, మెడ, ఛాతీ, పొట్ట, వీపుమీద కనిపిస్తే, ఇంకా లేచి తిరగని పిల్లకి ఎక్కడ కనిపించినా, అదేరోజు డాక్టర్‌కి చూపించు. డేకేర్‌వాళ్లు రాసిన దెబ్బల పుస్తకంలో దాని గురించి ఉందో లేదో కూడా చూడు.

ఫీజు ఒప్పందంలో మానెయ్యాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలో చూసుకుని, నెలలోపే ఉన్నదానికి సంతకం పెట్టు. ఆ మూడుచోట్ల తనిఖీ రిపోర్టులూ నాకు పంపించు, కూర్చుని చదివి చెప్తాను.

ఇట్లు,
పెద్దమ్మ