అమెరికా అధ్యక్ష పీఠం ఒకే పార్టీ సొత్తు అవుతుందా?

అమెరికాకు కొత్తగా వచ్చిన మన పిల్లలు, ముఖ్యంగా ఎమ్మెస్ ముగించి ఓపీటీ (చదువయ్యాక విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నవారు, ఎన్నికల ఫలితాలు వెలువడిన ప్రతిసారీ ఒకే సందేహం వెలిబుచ్చుతుంటారు: గెలిచిన పార్టీయే ఇకమీదట పాతికేళ్ళ పాటు అధ్యక్ష పదవిని ఏలుతుందా, అదే జరిగితే హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద, గ్రీన్‌కార్డు మీద మేము పెట్టుకున్న ఆశల గతి ఏమిటి అని. 2008లో ఈ ప్రశ్న డెమొక్రాట్ల గురించి వచ్చింది, 2024 తరువాత రిపబ్లికన్ల గురించి వస్తోంది. రెండుసార్లూ నేను ఇచ్చే జవాబు ఒక్కటే: అటువంటి ఏకచ్ఛత్రాధిపత్యం గత డెబ్బై ఏళ్ళలో ఏ పార్టీకీ దక్కలేదు, దక్కే సూచనలు కూడా నాకు కనిపించడం లేదు.

పూర్వం దక్కిన మాట నిజమే. 1860లో లింకన్ గెలిచింది మొదలు 1928 వరకు జరిగిన 18 ఎన్నికల్లో రిపబ్లికన్లు 14 గెలిచారు. ఆ తరువాత డెమొక్రాట్లు 1932 నుంచి 1948 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచారు. అయితే మొదటిదానికి అంతర్యుద్ధం, రెండోదానికి మహామాంద్యం పునాది వేశాయన్నది మరువరాదు. ఒక వ్యక్తి రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కాకూడదని 1951లో రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చాక, ఒక పార్టీ వరుసగా మూడు అధ్యక్ష ఎన్నికలు గెలవడం ఒకే ఒక్కసారి, అంటే 1980, 1984, 1988లలో రిపబ్లికన్లకు మాత్రమే సాధ్యమైంది.

భారీ విజయం కూడా భరోసా ఇవ్వదు. 1964లో 61 శాతం ఓట్లతో గెలిచిన డెమొక్రాట్ జాన్సన్ పార్టీ నాలుగేళ్ళకే వియత్నాం యుద్ధం దెబ్బకు శ్వేతసౌధం కోల్పోయింది. 1972లో రిపబ్లికన్ నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచి, రెండేళ్ళు తిరగకుండానే వాటర్‌గేట్ కుంభకోణంలో రాజీనామా చేయగా, 1976లో ఆ పార్టీ ఓడింది. కంచుకోటల సంగతీ అంతే. ఇప్పుడు డెమొక్రాట్లకు పెట్టని కోటలా ఉన్న కాలిఫోర్నియా 1952 నుంచి 1988 వరకు, 1964లో తప్ప, ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ రిపబ్లికన్లకే పట్టం కట్టిందంటే మన పిల్లలు నమ్మరు. 1992 నుంచి 2012 వరకు డెమొక్రాట్ల చేయి వదలని మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా 2016లో ట్రంప్ వైపు వెళ్ళాయి, 2020లో తిరిగి వచ్చాయి, 2024లో మళ్ళీ వెళ్ళాయి.

దీనికి కారణం ఎన్నికల పద్ధతిలోనే ఉంది. అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాల వారీగా కేటాయించిన ఎలక్టోరల్ ఓట్లు; మొత్తం 538లో 270 వస్తే చాలు. మెయిన్, నెబ్రాస్కా తప్ప తక్కిన రాష్ట్రాలన్నింటిలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ గెలిచినవారివే. మూడో పార్టీకి ఇక్కడ చోటు దొరకడం దాదాపు అసాధ్యం కాబట్టి, అధికారంలో ఉన్నవారి మీద అసంతృప్తి ఎంత పెరిగినా అది చేరవలసినది రెండో పార్టీ ఇంటికే. మన అనుభవం వేరు. 1982లో పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలల్లో కాంగ్రెసును గద్దె దించింది; విభజన తరువాత అదే కాంగ్రెసుకు ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఒక్క సీటు కూడా రాలేదు. అలా ఓడిన పార్టీ తుడిచిపెట్టుకుపోయి కొత్తది పుట్టుకు రావడం చూసి పెరిగిన మనకు, ఇక్కడ ఓడిన పార్టీ చావకుండా నాలుగేళ్ళలో రూపం మార్చుకొని తిరిగి రావడం వింతగానే తోస్తుంది.

జనాభా లెక్కలు చూపించి జోస్యం చెప్పేవారిని మరీ నమ్మకండి. హిస్పానిక్ జనాభా పెరుగుతున్న కొద్దీ డెమొక్రాట్లకు తిరుగుండదని 2012 తరువాత చాలామంది రాశారు; రిపబ్లికన్ పార్టీ సైతం వలస చట్టాల విషయంలో మెత్తబడాలని 2013లో తన నివేదికలో రాసుకుంది. ఆ సలహాకు పూర్తిగా ఎదురు నడిచిన ట్రంప్ మూడేళ్ళకే గెలిచారు. టెక్సస్ దక్షిణాన మెక్సికో సరిహద్దులో స్టార్ కౌంటీ అని ఉంది. అక్కడి జనాభాలో నూటికి తొంభై అయిదుగురికి పైగా హిస్పానిక్‌లే. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 79 శాతం ఓట్లు వేసిన ఆ కౌంటీ 2020లో బైడెన్‌కు స్వల్ప ఆధిక్యమే ఇచ్చింది, 2024లో శతాబ్దానికి పైగా ఉన్న ఆనవాయితీని పక్కనపెట్టి రిపబ్లికన్‌ను గెలిపించింది. మనవాళ్ళు మాత్రం ఒకే గంప కింద ఉన్నారా? మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ హైదరాబాదులో పుట్టిన డెమొక్రాట్. రిపబ్లికన్ ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉషా చిలుకూరి మూలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి.

ఇక మీ అసలు బెంగ, వీసాల సంగతి. అధ్యక్షుడు మారితే మారేవి, మారనివి విడదీసి చూడండి. హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న జీవిత భాగస్వాములలో కొందరికి పని అనుమతి 2015లో ఒబామా ప్రభుత్వపు నిబంధనతో వచ్చింది. కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము 2025 సెప్టెంబరులో ట్రంప్ ప్రకటనతో వచ్చింది. ఇటువంటివి సంతకంతో వస్తాయి, మరో సంతకంతోనో కోర్టు తీర్పుతోనో పోగలవు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి మాత్రం 1990 నాటి చట్టంలో ఉంది. మనల్ని ఏళ్ళ తరబడి క్యూలో నిలబెట్టిన ఈ పరిమితిని సడలించే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో ఉభయ పార్టీల మద్దతుతో 365 ఓట్లు తెచ్చుకుంది. సెనెట్ 2020 డిసెంబరులో దానిని మార్పులతో ఆమోదించినా, రెండు సభలు ఆమోదించిన బిల్లు రూపాలూ కలవక అది చట్టం కాలేదు. కనుక శ్వేతసౌధం ఎవరిదన్న లెక్క కంటే సెనెట్‌లో మామూలుగా బిల్లు ముందుకు సాగడానికి కావలసిన 60 ఓట్లు ఎక్కడి నుంచి వస్తాయన్నదే మీరు గమనించవలసిన లెక్క. ఈలోగా ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం మీ తరఫున యజమాని వేసే అర్జీ) ఆమోద పత్రం నకలు దగ్గర ఉంచుకోండి. మోసం వంటి కారణంతో ఆమోదం రద్దయితే తప్ప, ఉద్యోగం మారినా, అధ్యక్షుడు మారినా అందులోని ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ స్థానాన్ని నిర్ణయించే తేదీ, సాధారణంగా మీదే.

పౌరసత్వం తీసుకున్న మన పెద్దలు అట్లాంటా ఉత్తర శివార్లలో పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. 2020లో జార్జియాను బైడెన్ గెలిచింది 11,779 ఓట్ల తేడాతో. 2024లో ఆ రాష్ట్రం ట్రంప్‌దైంది. అక్కడ మన కాలనీ ఓట్లకు విలువ ఉంది. వీసా మీద, గ్రీన్‌కార్డు మీద ఉన్న మీకు మాత్రం ఆ ఓటు లేదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం డీఎంవీకి వెళ్ళినప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అన్న గడిలో పొరపాటున టిక్కు పెట్టినా, తరువాత పౌరసత్వ దరఖాస్తు దగ్గర అది పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది; ఫారం మీద సంతకం చేసే ముందు ఆ గడిని ఒకటికి రెండుసార్లు చూసుకోండి.