కెమికల్ చదివే అమ్మాయికి ఎన్విరాన్‌మెంట్ సైడ్ ఉద్యోగాలుంటాయా?

సంగారెడ్డి నుంచి ఒక నాన్నగారు అడిగారు: అమ్మాయి బీటెక్ కెమికల్ థర్డ్ ఇయర్, ఎన్విరాన్‌మెంట్ సైడ్ వెళ్తానంటోంది, పక్కనే పటాన్‌చెరు మందుల, కెమికల్ కంపెనీల్ని ఏళ్ళుగా చూస్తున్నాం, కాలుష్యం విషయంలో వీళ్ళు మారేదెప్పుడు, ఆ ఉద్యోగాలొచ్చేదెప్పుడు అని.

మీ అనుమానం కరెక్టేనండీ, ప్రకృతి మీద ప్రేమతో మారిన కంపెనీని నేనైతే చూళ్ళేదు. ఒత్తిడొస్తే మారతారు, ఉద్యోగాలు కూడా అక్కడే పుడతాయి. తమిళనాడులో తిరుప్పూర్ చూడండి, టీషర్టుల ఊరు. అద్దకం యూనిట్ల రంగునీళ్ళు, ఉప్పు అంతా నొయ్యల్ నదిలోకి పోయేది, దిగువ రైతులు కోర్టుకెళ్ళారు, చుక్క కూడా బయటికి పోకూడదని మద్రాస్ హైకోర్టు 2006లోనే చెప్పినా పూర్తిగా వినలేదు, చివరికి 2011 జనవరిలో 700కి పైగా యూనిట్లు మూసేయమంది. తప్పు చేసినోడూ చేయనోడూ అందరూ బంద్! యూనిట్లన్నీ ఒకేచోట ఉండే క్లస్టర్‌లో గొడవే అది, పక్కోడి పైపు మన కొంప ముంచుద్ది. చిన్న యూనిట్‌కి సొంత ప్లాంట్ పెట్టే స్తోమత ఉండదు కాబట్టి కలిసి మురికినీళ్ళు శుద్ధిచేసే కామన్ ట్రీట్‌మెంట్ ప్లాంట్లు నడుపుతున్నారు, ఆర్ఓ (సన్నటి పొరతో వడకట్టడం), ఎవాపరేటర్లతో (నీళ్ళని ఆవిరి చేసే మిషన్లు) నీళ్ళూ ఉప్పూ తిరిగి తీసి మళ్ళీ అద్దకానికే వాడుతున్నారు. నీళ్ళు కొనుక్కునే ఊళ్ళో అది డబ్బే కదా. ఇక సరుకు కొనే విదేశీ బ్రాండ్ల ఆడిట్ అంటే పొల్యూషన్ బోర్డు నోటీసు కన్నా ఎక్కువ భయం (నా లెక్క).

మన పటాన్‌చెరులో కామన్ ప్లాంట్ 1990లలోనే వచ్చింది, అయినా దాన్నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. ప్లాంట్ కట్టేస్తే సరిపోదు, నడిపే మనిషి కావాలి.

అందుకే బ్రాంచ్ మార్చొద్దు, కెమికలే బలం. సెలవుల్లో ఏదైనా ట్రీట్‌మెంట్ ప్లాంట్‌లో ఇంటర్న్‌షిప్ చేయించండి, సీఓడీ (నీళ్ళలో కెమికల్ మురికి ఎంతో చెప్పే లెక్క), టీడీఎస్ (కరిగిన ఉప్పుల లెక్క) రీడింగులు చేత్తో తీయాలి, ఆర్ఓలో వడకట్టే పొర, అదే మెంబ్రేన్, ఎందుకు పాడవుతుందో, ఎవాపరేటర్‌కి ఆవిరి ఖర్చెంతో తెలియాలి, వాసనా షిఫ్టులూ కూడా తప్పవు, అది ముందే చూస్తే మంచిది. ఎంటెక్ కావాలంటే గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్ విడిగా ఉంది. పొల్యూషన్ బోర్డు నోటిఫికేషన్ కోసం మాత్రం ఇంట్లో కూర్చోబెట్టొద్దు. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ వాళ్ళతో పోల్చుకుంటే బాధే.

ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు రెండే అడగమనండి: మీ సరుకు ఎవరు కొంటారు, నీళ్ళ రీడింగ్ తప్పితే ప్రొడక్షన్ ఆపే అధికారం ఎవరికుంది?