రేటింగ్ ఎలా వేస్తారో ఇంటర్వ్యూలోనే అడగండి

ప్రశ్న: ఎంబీఏ చివరి ఏడాదిలో ఉన్నాను. ఒక సర్వీస్ కంపెనీలో సపోర్ట్ అనలిస్ట్ ఉద్యోగం వచ్చేలా ఉంది. ‘ఎంత కష్టపడినా రేటింగ్ మేనేజర్ చేతిలోనే’ అని సీనియర్లు అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పనిని అసలు ఎలా కొలుస్తారు?

జవాబు: మీ సీనియర్ల మాట పూర్తిగా కొట్టిపారేయలేం. ఫ్యాక్టరీలో అయితే ఎన్ని బోల్టులు తయారయ్యాయో లెక్కపెట్టొచ్చు. బుర్ర పెట్టి చేసే పనికి ఆ లెక్క కుదరదు. ‘నాలెడ్జ్ వర్కర్’ (బుర్రతో పనిచేసే ఉద్యోగి) అనే మాటను వాడుకలోకి తెచ్చిన మేనేజ్‌మెంట్ నిపుణుడు పీటర్ డ్రకర్ కూడా, ఇలాంటి ఉద్యోగంలో ముందు ‘చేయాల్సిన పని ఏమిటి’ అన్నది తేల్చుకోవాలనే చెప్పారు. కంపెనీలకు అంత ఓపిక ఎక్కడిది? చేతికందిన అంకెలను పట్టుకుంటాయి.

సపోర్ట్‌లో ఆ అంకెలు ఎక్కువగా ఎన్ని టికెట్లు (కస్టమర్ల నుంచి నమోదైన సమస్యలు) క్లోజ్ చేశారు, గడువు దాటకుండా ఎన్ని చేశారు అన్నవే. టికెట్‌ను ‘కస్టమర్ జవాబు కోసం’ అనే స్టేటస్‌లో పెడితే చాలాచోట్ల ఎస్‌ఎల్‌ఏ (కస్టమర్‌తో ఒప్పుకున్న గడువు) గడియారం ఆగిపోతుంది. దాంతో గడువు ముంచుకొచ్చే వేళకు, ‘మరో స్క్రీన్‌షాట్ పంపగలరా’ అంటూ అక్కర్లేని మెయిల్ ఒకటి వెళ్తుంది. గడువు దాటలేదని రిపోర్టు పచ్చగానే ఉంటుంది, కస్టమర్ సమస్య మాత్రం అలాగే ఉంటుంది. అతను విసిగి మళ్లీ రాస్తే అది ఇంకో టికెట్. క్లోజ్ చేస్తే లెక్కలో ఇంకొకటి!

1982లో ఆపిల్‌లో ప్రోగ్రామర్లు వారానికి ఎన్ని లైన్ల కోడ్ రాశారో ఫారంలో నింపాల్సి వచ్చేది. బిల్ అట్కిన్సన్ తన కోడ్‌ను తిరగరాసి, చిన్నగా, వేగంగా పనిచేసేలా మార్చి, ఆ గడిలో ‘-2000’ అని, అంటే రెండు వేల లైన్లు తగ్గాయని రాశారు. కొన్ని వారాలకు ఆయన్ను ఫారం అడగడమే మానేశారట. కొత్తగా చేరిన మీకు ఆ చనువు ఉండదనుకోండి.

కాబట్టి ఇంటర్వ్యూలో ‘పోయిన ఏడాది ఈ టీమ్‌లో మంచి రేటింగ్ వచ్చినవాళ్లు ఏం చేశారు?’ అని అడగండి. జవాబులో ఒట్టి అంకెలే వినిపిస్తే, అక్కడ మీ పని ఆ అంకెల చుట్టూనే తిరుగుతుంది. అలాగని ఆఫర్ వదులుకోమనను, తెలిసి చేరండి. చేరాక అంకెల్లో వెనకబడకండి. దాంతోపాటు ఫలానా సమస్య మళ్లీ మళ్లీ ఎందుకొస్తోంది, మీరేం మార్చారు, ఆ తర్వాత ఆ రకం టికెట్లు ఎంత తగ్గాయి అన్నది వారం వారం రెండు మూడు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. దాన్ని ఏడాది చివరి దాకా దాచకుండా నెలకోసారి మేనేజర్‌కు మెయిల్ చేయండి. రేటింగ్ వేసేటప్పుడు ఆయనకు పోయిన నెల సంగతులే గుర్తుంటాయి.