చర్మవైద్య పరిశోధకుడి హెచ్-ఇండెక్స్ 40 ఉంటే మంచి డాక్టర్ అనేనా?

కాదు, హెచ్-ఇండెక్స్ 40 అంటే ఆ పరిశోధకుడి పేపర్లలో 40 పేపర్లకు ఒక్కోదానికి కనీసం 40 సైటేషన్లు వచ్చాయని మాత్రమే అర్థం. సైటేషన్ అంటే వేరే పేపరు దాన్ని ప్రస్తావించడం.

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ లెక్క ప్రతిపాదించారు. ఒకే ఒక్క హిట్ పేపరు మొత్తం అంచనాను పెంచేయకుండా ఇది ఆపుతుంది. ఐదు పేపర్లకు 90, 12, 7, 3, 1 చొప్పున సైటేషన్లు ఉంటే మొత్తం 113, కానీ హెచ్-ఇండెక్స్ 3 మాత్రమే. నాలుగో పేపరుకు నాలుగు సైటేషన్లు లేవు కదా! ఆ 90 కాస్తా 900 అయినా అది 3 దగ్గరే ఉంటుంది.

చర్మవైద్యంలో అలాంటి హిట్ పేపర్లు నిజంగానే ఉన్నాయి. 1994లో ఫిన్లే, ఖాన్ ప్రచురించిన డీఎల్‌క్యూఐ (డెర్మటాలజీ లైఫ్ క్వాలిటీ ఇండెక్స్) అంటే చర్మ సమస్య రోగి జీవితాన్ని ఎంత ఇబ్బంది పెడుతోందో కొలిచే పది ప్రశ్నల ఫారమ్. దురద ఎంత ఉంది, చర్మం వల్ల సిగ్గుపడ్డారా, ఏ బట్టలు వేసుకోవాలన్నదాన్ని అది మార్చిందా అని అడుగుతుంది. స్కోరు 0 నుంచి 30. సోరియాసిస్, ఎగ్జిమా మందుల పరీక్షల్లో దాన్ని విరివిగా వాడతారు, అందుకే ఆ పేపరుకు వేల సైటేషన్లు.

చాలామంది ప్రతి సైటేషన్‌నూ మెచ్చుకోలు అనుకుంటారు. తప్పని చూపడానికి ప్రస్తావించినా అది లెక్కలోకే వస్తుంది. పైగా ఈ సంఖ్య వయసుతో పెరుగుతుందే గానీ తగ్గదు. రోజూ ఓపీలో వందమందిని చూసే మంచి డాక్టరుకు ఒక్క పేపరు కూడా లేకపోవచ్చు.