బటన్ నొక్కినా వడ్డీ లెక్క రావడం లేదెందుకు?

ప్రశ్న: అసలు, వడ్డీ, నెలలు టైప్ చేసి బటన్ నొక్కితే లెక్క చూపించే పేజీని నోట్‌ప్యాడ్‌లో రాశాను. జావాస్క్రిప్ట్ అంతా పైన హెడ్‌లో పెట్టాను. పేజీ తెరుచుకుంటోంది గానీ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. తప్పు కోడ్‌దా, బ్రౌజర్‌దా?
– డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జవాబు: బ్రౌజర్‌ది కాదు. కోడ్ కూడా బాగానే ఉండొచ్చు, పెట్టిన చోటే తేడా. బ్రౌజర్ పేజీని పైనుంచి కిందికి చదువుతూ, స్క్రిప్ట్ ట్యాగ్ రాగానే అక్కడే ఆగి దాన్ని నడిపేస్తుంది. అప్పటికి కింద ఉన్న బటన్ ఇంకా తయారవలేదు. ఐడీ (గుర్తుకు పెట్టిన పేరు) ప్రకారం పేజీలో వెతికే గెట్‌ఎలిమెంట్‌బైఐడీకి చేతికొచ్చేది ‘నల్’, అంటే ఏమీ లేదని. లేని బటన్‌కు క్లిక్ ఎలా తగిలిస్తుంది?

స్క్రిప్ట్ మొత్తం కట్ చేసి, బాడీ ముగింపు ట్యాగ్‌కు సరిగ్గా పైన పేస్ట్ చేయండి. హెడ్‌లోనే ఉంచాలనుకుంటే కోడ్‌ను వేరే ఫైల్‌లో సేవ్ చేసి, స్క్రిప్ట్ ట్యాగ్‌లోని ఎస్ఆర్‌సీలో ఆ ఫైల్ పేరిచ్చి, పక్కన ‘డిఫర్’ (పేజీ మొత్తం చదివాకే నడపమని) రాయండి. పేజీలోనే రాసిన మామూలు స్క్రిప్ట్‌కు డిఫర్ తగిలించినా బ్రౌజర్ పట్టించుకోదు.

అయినా పనిచేయకపోతే ఊహించుకుంటూ కూర్చోవద్దు. ఎఫ్12 నొక్కి (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్‌తో కలిపి) కన్సోల్ (బ్రౌజర్ తప్పులు చూపించే చోటు) తెరవండి. ఎర్ర అక్షరాల పక్కనే లైన్ నంబరు ఉంటుంది. ‘నల్’ అని ఇంకా వస్తుంటే బటన్‌కు పెట్టిన ఐడీ, కోడ్‌లో రాసిన ఐడీ ఒకటి కావు. ‘నాట్ ఎ ఫంక్షన్’ అంటే పెద్దక్షరాలు, చిన్నక్షరాలు తారుమారయ్యాయి: గెట్‌ఎలిమెంట్‌బైఐడీ చివరి ‘ఐడీ’లో మొదటిది పెద్దక్షరం, రెండోది చిన్నది. ‘టోకెన్’ అనే మాట కనిపిస్తే వర్డ్ నుంచి కాపీ చేసిన వంకర కొటేషన్ గుర్తులేమో చూడండి. అలాంటిది ఒక్కటున్నా ఆ స్క్రిప్ట్‌లో ఒక్క లైనూ నడవదు.

ప్రశ్న: ఇలాంటి పేజీయే నాదీ. 10000 అసలు, నూటికి నెలకు 2 రూపాయలు, 6 నెలలు ఇస్తే వడ్డీ 1200 అని సరిగ్గా వస్తోంది. మొత్తం మాత్రం 100001200 అంటోంది!
– గుంటూరు పాఠకురాలు

జవాబు: అంత బాకీ ఎవరూ తీర్చలేరు. ఇన్‌పుట్ పెట్టె టైప్ ‘నంబర్’ అని ఇచ్చినా, వాల్యూ ద్వారా వచ్చేది అక్షరాలే. గుణించేటప్పుడు, భాగించేటప్పుడు జావాస్క్రిప్ట్ వాటిని అంకెలుగా మార్చుకుంటుంది, అందుకే వడ్డీ సరిపోయింది. ప్లస్ గుర్తుకు ఒకవైపు అక్షరాలుంటే మాత్రం కూడకుండా పక్కపక్కన అతికిస్తుంది. మూడు విలువలనూ చదివేటప్పుడే నంబర్ ఫంక్షన్‌లో పెట్టండి, 11200 వస్తుంది. పెట్టె టైప్ ‘టెక్స్ట్’ అయి, ఎవరైనా కామాతో 10,000 అని కొడితే ‘ఎన్ఏఎన్’ (అంకె కాదు అని) వస్తుంది. కాబట్టి టైప్ ‘నంబర్’ గానే ఉంచండి.

ఇంకొకటి. బటన్‌ను ఫామ్ ట్యాగ్ లోపల పెడితే నొక్కగానే జవాబు మెరిసి మాయమవుతుంది. టైప్ చెప్పని బటన్ ఫామ్‌ను పంపేసి పేజీని మళ్లీ లోడ్ చేస్తుంది. బటన్‌కు టైప్ ‘బటన్’ అని రాస్తే జవాబు నిలుస్తుంది.