ఏఎస్/400 మీద ఎక్స్‌ప్రెస్ పెట్టబోతున్న అల్లుడికి

సత్యనారాయణపురం, విజయవాడ.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. గుంటూరులో మీ కోల్డ్ స్టోరేజీల లెక్కలు చూసే ఏఎస్/400 అనే ఐబీఎం కంప్యూటర్ మీద, సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌జేఎస్, దాని మీద వెబ్ పేజీలు కట్టే ఎక్స్‌ప్రెస్ పెట్టి, రైతులు తమ మిర్చి టిక్కీల లెక్క ఫోన్లోనే చూసుకునేలా చేయమన్నారట. చాలా మంచి పని. యార్డు సీజన్లో ఆ లెక్క కోసం ఆఫీసు చుట్టూ తిరిగే రైతుకి ఒక పూట మిగులుతుంది.

ఆ మిషన్ 1988 నాటిదని చిన్నచూపు చూడకు. దాని సిస్టంని ఇప్పుడు ఐబీఎం ఐ అంటున్నారు. 2018 నుంచి లినక్స్‌లోలాగే సాఫ్ట్‌వేర్ ఎక్కించే యమ్ కమాండ్‌తో నోడ్ ఎక్కించుకోవచ్చు. అది ఒక పూట పని.

కష్టమంతా ఆ మిషన్ పాత భాష ఆర్‌పీజీలో రాసిన ప్రోగ్రాముల దగ్గరే. నేను పనిచేసిన ఒక కంపెనీలో వెబ్ పేజీ నుంచి ఆర్డర్ల టేబుల్లోకి నేరుగా రికార్డు రాశాను. స్టాకు పక్కన పెట్టే పని డేటాబేస్‌లో లేదు, ఆర్‌పీజీ ప్రోగ్రాంలో ఉంది. ఒకే సరుకు ఇద్దరికి అమ్ముడుపోయింది. రెండో లారీ గేటు దగ్గరకొచ్చి నిలబడ్డాక గానీ మాకు తెలియలేదు. ఆ టెన్షన్ నీకు రాకూడదు. చూపించడానికైతే టేబుళ్లను డేటాబేస్‌ని అడిగే భాష ఎస్‌క్యూఎల్‌తో నేరుగా చదువుకో. రాయాల్సి వస్తే మాత్రం ఆ ఆర్‌పీజీ ప్రోగ్రాంనే స్టోర్డ్ ప్రొసీజర్‌గా, అంటే డేటాబేస్ ద్వారా పిలవగలిగేలా చేసి పిలువు. స్క్రీన్‌తో ముడిపడ్డ ప్రోగ్రాం అలా పనిచేయదు. లెక్కకట్టే భాగాన్ని స్క్రీన్ నుంచి ముందు విడదీయాలి. దాన్ని రాసిన పెద్దాయన ఇంకా మీ ఆఫీసులో ఉంటే ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చో, ఆయన్ని దాటి వెళ్లకు. మొదటి సీజనంతా చూసే పేజీలే పెట్టండి, రాసేవి తర్వాత.

తేదీలు చూసి కంగారుపడకు. 1250415 అని కనిపిస్తే అది 2025 ఏప్రిల్ 15. ముందున్న 1 ఈ శతాబ్దానిది, 0 అయితే 1900లది. డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త. ఆ మిషన్ డేటాబేస్ డీబీ2లో డెసిమల్ అంకె పైసాతో సహా కచ్చితంగా ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. అద్దె బిల్లు కూడికలు ఎస్‌క్యూఎల్‌లోనో ఆర్‌పీజీలోనో చేయించి, వచ్చిన అంకెను అక్షరాలుగానే తెచ్చుకుని చూపించు. రైతు పేరు తెలుగులో పెట్టాలంటే ఐబీఎం పాత అక్షర కోడ్ ఎబ్సిడిక్‌లో ఉన్న కాలమ్‌లో పట్టదు. అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 కాలమ్ కొత్తగా పెట్టించు.

కమిట్ పద్ధతిలో, అంటే రాతలన్నీ కలిపి ఒకేసారి ఖాయమయ్యేలా రాయబోతే ఎస్‌క్యూఎల్7008 అని ఎర్రర్ వస్తే ఆ టేబుల్‌కి జర్నల్, అంటే మార్పుల చిట్టా, లేదేమో చూడు. చాలామంది కమిట్‌నే ఆపేసి ముందుకెళ్తారు. నువ్వలా చెయ్యకు, జర్నల్ మొదలుపెట్టించు. సగం బిల్లు రాసి కరెంటు పోతే వెనక్కి తీసుకునే దారి అదొక్కటే.

ఇది మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకో. పాత రోజుల్లో చాలాచోట్ల మెనూలో ఆప్షన్ కనపడకుండా చేసి, అదే భద్రత అనుకున్నాం. లోపల టేబుళ్ల మీద అందరికీ అన్ని హక్కులూ ఉండేవి. వెబ్‌కి ఆ మెనూ అడ్డురాదు. నీ ప్రోగ్రాంకి వేరే యూజర్ ప్రొఫైల్ తీసుకో, దానికి కావలసిన టేబుళ్లే ఇప్పించు. పని త్వరగా అవుతుందని అన్ని హక్కులూ ఉండే క్యూసెక్ఆఫర్ ప్రొఫైల్‌తో నడపమని ఎవరన్నా అంటే ఒప్పుకోకు.

కౌంటర్లో గుమస్తాల పచ్చ అక్షరాల పాత స్క్రీన్లు తీసెయ్యకు. వాళ్ల వేళ్లకి ఆ ఎఫ్ కీలు అలవాటు. లారీలు వరసకట్టిన రోజున మౌస్ వాళ్లకి అడ్డం.

ఆదివారం వచ్చేటప్పుడు టేబుళ్ల లిస్టు ప్రింటు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. అత్తయ్య ఉలవచారు పెడతానంది.

మీ మామయ్య